నేలసంపంగి దుంపలకు అదను ఏది?

సంఘ సభ్యులు కొందరు ఈ నడుమ మమ్ము రెండు ప్రశ్నలు అడుగుచున్నారు. నేలసంపంగి దుంపలను ఏ కార్తెలో నాటినయెడల పూలు బాగుగ దిగును అనునది మొదటిది. ఫోనులలో పసుపుపచ్చని పూల బొమ్మలు చూపి అమ్ముచున్న డాఫొడిల్ అను సీమదుంపలను మన నేలలలో నాటవచ్చునా అనునది రెండవది. రెండవదానికి జవాబు చిన్నది. దానినే ముందు చెప్పెదము. ఏలయనగా అది తెలిసినయెడల మొదటిదానికి జవాబు సులభముగ బోధపడును.

డాఫొడిల్ చలిదేశముల మొక్క. ఇంగ్లండులోను హాలండులోను దీనిని సెప్టెంబరు, అక్టోబరు నెలలలో, మించినయెడల నవంబరులో నాటుదురు. దుంప యెత్తునకు రెండు మూడు రెట్లు లోతున గుంట తీసి, కొన పైకి ఉండునట్లు పెట్టి మన్ను కప్పుదురు. చలికాలమంతయు దుంప నేలలోనే యుండి వేళ్లు పారించుకొనును. ఫిబ్రవరి మొదలు ఏప్రిలు లోపల, వారి వసంతకాలమున, పూచును. మన కాశ్మీరములో నర్గిస్ అను పేర పెంచు పూవును ఈ కుటుంబములోనిదే; అచ్చటను శీతకాలమునకు ముందు నాటి వసంతమున పూలు చూచెదరు.

ఇందులో రైతు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. డాఫొడిల్ దుంపను నాటునాటికే దాని కడుపులో పూమొగ్గ సిద్ధముగ నుండును. ముందటి వేసవిలో, పాత ఆకులు ఎండిపోవు కాలమున, అది లోపల ఏర్పడును. అయితే ఆ మొగ్గ కాడతో సహా పైకి రావలెనన్న పన్నెండు మొదలు పదునారు వారములు, సుమారు 9 డిగ్రీల సెంటీగ్రేడుకు తక్కువైన చలి దుంపకు తగులవలెను. అట్టి చలి మన మైదానములలో లేదు. మన్యములో లంబసింగి వంటి చోట్ల కొన్ని రాత్రులు చలి మిక్కుటమైనను, పగళ్లు వెచ్చబడును; ఆ చలి మూడు నాలుగు నెలలు ఎడతెగక నిలువదు. కాబట్టి బొమ్మ చూచి తెప్పించిన దుంప మన పొలములో ఆకు మాత్రము చూపి, మొగ్గను కడుపులోనే చంపుకొనును. పట్టణవాసులు కొందరు దుంపలను మూడు నాలుగు నెలలు ఫ్రిజ్జులో నుంచి, పిదప కుండీలో నాటి ఒక్కసారి పూయించుకొనుచున్నారు. అది వేడుకకు చెల్లును గాని సేద్యము కాదు. పైగా చూచుటకు ఉల్లిగడ్డను పోలియుండు ఈ దుంప విషము. తెప్పించినవారు దానిని వంటింటి ఉల్లితో కలియనీయరాదు.

ఇక నేలసంపంగి. దీని స్వభావము పై చెప్పినదానికి ఎదురు. దీని పుట్టినిల్లు మెక్సికో దేశము. వెచ్చదనమే దీనికి ప్రాణము. చలి తగిలినంతనే పెరుగుదల మందగించును. నిద్రించు దుంపలో పూమొగ్గ ఉండదు. నాటిన పిమ్మట మొలకెత్తి, కొంత ఆకు పెరిగిన తరువాతనే మొగ్గ పుట్టును. డాఫొడిల్ రైతు నిరుటి వేసవిలో కట్టుకొన్న మొగ్గను కోయుచున్నాడు. నేలసంపంగి రైతు తాను నాటిన దుంపలోని బలమును, నాటిన తరువాత దానికి దొరకిన వెచ్చదనమును కోయుచున్నాడు. అదనన్నచో ఈ రెంటిని కలుపుటయే.

బజారులో దీనిని లిల్లీ యందురు గాని లిల్లీ జాతితో దీనికి చుట్టరికము లేదు. శాస్త్రజ్ఞులు ఇప్పుడు దీనిని మన పొలముగట్లమీద నాటు కిత్తనార జాతిలో చేర్చినారు. వినుటకు వింతయే గాని రైతునకు ఇది పనికివచ్చు మాట. కిత్తనార ఏండ్ల తరబడి పెరిగి, ఒక్కసారి పెద్ద కాడ వేసి పూచి, ఆ మొక్క చచ్చును. చుట్టునున్న పిలకలు బ్రదుకును. నేలసంపంగి దుంపయు అట్టిదే. ఒక దుంప ఒక్కసారియే పూచును. దాని చుట్టు పుట్టిన పిల్లదుంపలే తరువాతి పూలనిచ్చును. అందుచేత దుంపలు కొనునప్పుడు పూచిపోయిన తల్లిదుంప మన గంపలోనికి రాకుండ చూచుకొనవలెను. పాతకాడ తెగిన మచ్చ నడినెత్తిన కలది, అడుగు వెడల్పై చదునుగ నున్నది తీసివేయుడు. కదురువలె నడుమ లావై, కొన సన్నమై, గట్టిగ నుండు దుంప మంచిది. నడుము లావు ఒకటిన్నర మొదలు మూడు సెంటీమీటర్ల వరకు ఉండవలెను. అంతకు చిన్నది మొదటి యేట పూయదు.

ఇప్పుడు అదను సంగతి. మన జిల్లాలలో నాటుటకు మంచి కాలము జూన్, జూలై నెలలు. అనగా మృగశిర, ఆరుద్ర కార్తెలు, తప్పినయెడల పునర్వసు. ఈ మాట చాలమందికి తెలియును. తెలిసియు నష్టపడుచున్నారు. ఏలననగా నాటు దినమును లెక్క పెట్టుకొందురే గాని త్రవ్వు దినమును లెక్క పెట్టుకొనరు.

త్రవ్విన దుంపను వెంటనే నాటరాదు. నాలుగు మొదలు ఆరు వారములు దానికి విశ్రాంతి కావలెను. విశ్రాంతి లేని దుంపయు మొలచును. అయితే అన్నియు ఒక్కసారి మొలవవు. కొన్ని మొలచి, కొన్ని పండుకొని, చేను హెచ్చుతగ్గులుగ తయారగును, కాడలును తగ్గును. పచ్చిదుంప తడినేలలో పడి కుళ్లుటయు కలదు. కావున నాటవలసిన కార్తెనుండి వెనుకకు లెక్కింపవలెను. జూన్ 8వ తేదీ ప్రాంతమున మృగశిర ప్రవేశించును. దానికి ఆరు వారములు వెనుకకు పోయినయెడల ఏప్రిలు చివర, భరణి కార్తె మొదట నిలుతుము. జూన్ 22 ప్రాంతమున వచ్చు ఆరుద్రకు ఆరు వారములు వెనుకకు పోయిన మే నెల రెండవ వారము, కృత్తిక మొదలు. భరణిలో త్రవ్వినది మృగశిరకు, కృత్తికలో త్రవ్వినది ఆరుద్రకు అని జ్ఞాపకముంచుకొనుట సులువు.

ఇంకొక మెట్టు వెనుకకు పోవలెను. నీరు కట్టినంతకాలము నేలసంపంగి ఆకు పచ్చగనే యుండును; దుంప నిద్రపోదు. కాబట్టి త్రవ్వదలచిన మడికి మూడు నాలుగు వారములు ముందుగ, ఉగాది దాటిన పిమ్మట, నీరు ఆపివేయవలెను. ఆకు పసుపుబారి వాలిపోవును. ఆకులోని సత్తువ దుంపకు దిగునది ఆ దినములలోనే. పచ్చి ఆకు కోసి వెంటనే త్రవ్వువారు ఆ సత్తువను గట్టున పారవేయుచున్నారన్నమాట.

త్రవ్విన దుంపల మన్ను విదిలించి, మొదళ్లు విడదీసి, పాతవేళ్లు కత్తిరించి, గాలి తగులు నీడను పలుచగ పరచవలెను. ఎండలో పోయరాదు. గోనెసంచులలో కుక్కి పశువులపాకలో మూలను పడవేయుట అంతకంటె చెడ్డది. ఆవిరిపట్టి లోపల నుండి కుళ్లును. ఇసుక పరచిన నేలపై గాని, వెదురుతడికపై గాని పోసి, నాలుగు దినముల కొకసారి తిరుగవేయుచు, మెత్తబడినవానిని ఏరివేయుడు. ఈ పనికి ఇంటిలోని ముసలివారు చాలును.

జూలై నెలలో పొరుగూరి తోట తీసివేయుచున్నారని విని, సంచులు తీసికొని పోయి, ఆనాడే తెచ్చి మరునాడే నాటు రైతులను మేము అనేకులను చూచితిమి. దుంప చవుకగ దొరకెనని సంతోషింతురు. అయితే అట్టి దుంపకు విశ్రాంతి లేదు. విశ్రాంతి ఇత్తమన్న ఆగస్టు చివరవరకు ఆగవలెను. అప్పుడు నాటినది ఎట్లగునో క్రింద చెప్పుచున్నాము.

నాటిన దుంప సుమారు 80 మొదలు 100 దినములకు కాడ వేయును. మృగశిరలో నాటినది సెప్టెంబరులో తొలిపూలు చూపి దసరాకు అందును. ఆరుద్రది దసరా, దీపావళుల నడుమ అందును. పునర్వసుది కార్తికమాసపు పూజలకు, పెండ్లిండ్లకు పనికివచ్చును. ఆగస్టు చివర నాటినది నవంబరు చివరనో డిసెంబరులోనో కాడకు రావలెను గదా. అప్పటికి చలి దిగును. కాడలు పొట్టివై, ఆలస్యమై, చాలమట్టుకు ఫాల్గుణము దాటినగాని తోట కన్ను తెరువదు. దుంప ఖర్చు, దుక్కి ఖర్చు, కలుపు కూలి అన్నియు పెట్టి ఆరునెలలు పైసా చూడక కూర్చుండవలెను. సంఘములో తీసికొన్న స్వల్పకాలిక ఋణమునకు గడువు మాత్రము కార్తె చూచి ఆగదు.

అందుచేత ఋణము కావలసినవారు నాటునాటికి గాక దుంప త్రవ్వునాటికి సొమ్ము చేతికి వచ్చునట్లు దరఖాస్తు పెట్టుకొనవలెను. మొదటి యేట ఈ పంటలో దుంపల వెలయే పెద్ద ఖర్చు. చైత్రమాసములో దరఖాస్తు పెట్టినవాడు భరణిలో తోట యొద్దకే పోయి, నిలువు పంటను చూచి, మంచి దుంపను ఎంచి తెచ్చుకొనును. జ్యేష్ఠములో పెట్టినవానికి ఇతరులు ఏరగా మిగిలినది దొరకును. నలుగురైదుగురు సభ్యులు కలిసి ఒక్క తోట దుంపను మొత్తముగ కొని పంచుకొనుట అన్నిటికంటె మేలు. విశ్రాంతిలో తిరుగవేయు పనియు ఒక్కచోటనే జరుగును.

ఎన్ని దుంపలు కావలెను? సాలుకు సాలుకు 45 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 20 సెంటీమీటర్లు, అనగా సుమారు 18 అంగుళములు, 8 అంగుళములు పెట్టినయెడల ఎకరమునకు 45,000 దుంపలు పట్టును. మొదటిసారి వేయువారు ఇరువది సెంట్లు మించి వేయవద్దని మా సలహా. అంతకు 9,000 దుంపలు చాలును. రెండేండ్లలో వారి దుంప వారికే పెరిగి ఎకరమునకు సరిపడును, కొనుగోలు తప్పును.

ఆ ఇరువది సెంట్లయినను ఒక్కనాడే నాటవద్దు. మూడు భాగములు చేసి మృగశిర, ఆరుద్ర, పునర్వసులలో ఒక్కొక్క భాగము నాటుడు. అన్నియు ఒక్కసారి పూచినయెడల కోయుటకు మనుష్యులు చాలరు. కడియపులంకలో గాని, హైదరాబాదు గుడిమల్కాపురము అంగడిలో గాని ఒక్కసారి పూవు పోగైననాడు ధర ఎట్లు దిగునో పూలు మోసినవారెల్లరు ఎరుగుదురు. ఇందుకొరకు దుంపను కూడ మూడు విడతలుగ త్రవ్వించుకొనవలెనని వేరుగ చెప్పనక్కరలేదు.

నీరు నిలువని గరపనేల, ఇసుకపాలు గల ఎర్రనేల దీనికి తగినవి. నల్లరేగడిలో నీరు ఇంకిపోవు వాలు లేకున్న వేయరాదు. ఎకరమునకు పది టన్నుల చివికిన పశువుల ఎరువు దుక్కిలో కలిపి, బోదెలు తీసి, ముందు తడి పెట్టి, రెండంగుళముల లోతున కొన పైకి ఉండునట్లు నాటవలెను. లోతెక్కువైన మొలక ఆలస్యమగును. రసాయనిక ఎరువులలో నత్రజని, భాస్వరము, పొటాషు ఒక్కొక్కటి ఎకరమునకు 80 కిలోలవరకు వాడుక కలదు. మట్టి పరీక్ష చేయించి, అందులో ఉన్నదానిని తగ్గించుకొని వేయుట ఆదాయము. నత్రజనిని సగము నాటునప్పుడును, మిగిలిన సగము రెండు నెలలకును వేయుడు.

నాటిన మొదటి పక్షములో రైతు చేయు పొరపాటు ఒక్కటే: నీరు ఎక్కువ కట్టుట. మొలక పైకి రాని దుంపకు వేళ్లు లేవు. అది నీరు త్రాగలేదు, నీటిలో నానును. తేలికతడి చాలును. ఆరుద్రలో ముసురుపట్టి నేల జిగటగ నున్నయెడల రెండుమూడు దినములు ఆగి నాటుటయే మంచిది. ఆకు నాలుగంగుళములు వచ్చిన తరువాత నీటికి భయపడనక్కరలేదు. వానలు లేనపుడు వారమునకొక తడి ఈయవలెను.

మాఘ ఫాల్గుణములలో నాటవచ్చునా యని కొందరు అడుగుదురు. వంగదేశములో రాణాఘాట్ ప్రాంతమున ఈ పూవును విస్తారముగ పండింతురు. అచ్చటి శీతకాలము మనకన్న గట్టిది గనుక చలి విడిచిన పిమ్మట నాటుకొందురు. మనలోను బావినీరు తప్పని రైతు ఫిబ్రవరి చివర నాటినయెడల మే, జూన్ నెలలలో పూలు చూడగలడు. అయితే మొక్క లేతప్రాయమంతయు ఎండలలో గడచును. బావి మీద నమ్మకము లేనివారికి మేము దీనిని చెప్పము.

రకముల విషయము క్లుప్తముగ చెప్పెదము. దండలకు ఒంటిరెక్క పూవు, కాడలుగ అమ్ముటకు ముద్దపూవు. బెంగుళూరు చేరువ హెసరఘట్టలోని భారత ఉద్యానపంటల పరిశోధన సంస్థవారు తయారుచేసిన వానిలో శృంగార్, ప్రజ్వల్ ఒంటిరెక్కవి. సువాసిని ముద్దది, వైభవ్ సగము ముద్దది. మన రైతు చాలమట్టుకు దండల పూవునే అమ్మును గనుక ఒంటిరెక్కయే తగును. శృంగార్ వేరుబుడిపె నులిపురుగును కొంత తట్టుకొనును.

ఆ నులిపురుగు సంగతి చెప్పక దుంపల ముచ్చట ముగియదు. కంటికి కానరాని ఈ పురుగు దుంపతోను, వేళ్లకంటిన మంటితోను ఒక ఊరినుండి మరియొక ఊరికి ప్రయాణము చేయును. వేళ్లమీద ఆవగింజలవంటి బుడిపెలు కట్టించునది ఒకటి. వరిలో ఆకుకొన తెల్లబరచు నులిపురుగే నేలసంపంగి కాడకును పట్టును; అప్పుడు కాడ గిడసబారి, మొగ్గ గరుకెక్కి, గోధుమవన్నె తిరిగి విచ్చుకొనక నిలిచిపోవును. దుంపల వ్యాపారమున ఇది ఎంతటి చేటో డాఫొడిల్ రైతులు మనకంటె ముందు అనుభవించిరి. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఇంగ్లండులో ఇట్టి పురుగు డాఫొడిల్ తోటలను తుడిచిపెట్టుచుండగా, రామ్స్‌బాటమ్ అను యువశాస్త్రజ్ఞుడు నిద్రలోనున్న దుంపలను 110 డిగ్రీల ఫారన్‌హీటు వేడినీటిలో మూడు నాలుగు గంటలు నానవేసిన పురుగు చచ్చి దుంప బ్రదుకునని కనిపెట్టెను. ఆ పద్ధతి అచ్చట నేటికిని నడచుచున్నది. అది డాఫొడిల్‌కు కట్టిన లెక్క. దానిని చూచి మనవారు నేలసంపంగిని కాగులో వేయరాదు. వేడి రెండు డిగ్రీలు అటునిటైన దుంప ఉడుకును, లేదా పురుగు బ్రదుకును.

మన చేతిలో ఉన్నది కన్ను. అందుకే నిలువు పంటను చూచి దుంప కొనుడని పైన చెప్పితిమి. త్రవ్వి పోగువేసిన దుంపను చూచి పురుగున్నదో లేదో ఎవరును చెప్పలేరు; మొగ్గలు విచ్చని కాడలున్న మడిని పిల్లవాడైనను గుర్తించును. నాలుగు మొదళ్లు పెరికించి వేళ్లు చూడుడు. బుడిపెలున్నయెడల అమ్మువాడు ధర సగము చేసినను తీసికొనవద్దు. నేలసంపంగి తీసివేసిన మడిలో మరల అదే వేయక, నడుమ ఒక పైరు బంతి వేయుట మంచిది. బంతివేరు ఈ బుడిపె పురుగును తగ్గించును, బంతిపూవు అంగడిలో అమ్ముడుపోవును.

తోటను రెండేండ్లు, బాగుగ నున్న మూడేండ్లు ఉంచవచ్చును. రెండవ యేట పిల్లదుంపలు పూతకు వచ్చుటచే కాడలు హెచ్చును. మూడవ యేట మొదళ్లు కిక్కిరిసి పూవు చిన్నదగును. దండల పూవును తెల్లవారుజామున మొదలుపెట్టి ఎనిమిది గంటలలోపల కోసి ముగింపవలెను. కాడలుగ అమ్మునది అడుగు మొగ్గలు రెండు మూడు విచ్చిననాడు కోయవలెను. పూవు ముగిసిన కాడను తోటలో నిలువనీయక మొదటికి కోసివేయుడు.

త్రవ్వునప్పుడు ఏరగా మిగిలిన ఒకటిన్నర సెంటీమీటరుకు తక్కువైన పిల్లదుంపలను పారవేయువారు కలరు. వానిని పెద్దవానితో కలిపి నాటినను తప్పే. ఆ యేడు పూయక ఎరువు తినును. వేరుగ ఒక సెంటు మడిలో నాలుగంగుళముల ఎడముగ, పెద్దవానివలెనే విశ్రాంతి ఇచ్చి ఆరుద్రలోపల నాటి, కలుపు తీయుచు ఏడాది పెంచవలెను. వచ్చు భరణికి అవి నాటుటకు తగిన దుంపలగును.